నెక్సానా, బ్రెజానా: అమ్మని, సామాన్లని తీసుకెళ్లి రెండూ చూశాం

గుంటూరులో ఉంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. పదేళ్లు వాడిన చిన్న కారు ఇచ్చేసి 2025 దసరాకి కొత్తది తీసుకున్నాం. దానికి ముందు నెల రోజులు ఇంట్లో ఒకటే చర్చ, టాటా నెక్సానా, మారుతి బ్రెజానా అని. చివరికి నెక్సాన్ పెట్రోలు ఆటోమేటిక్ తీసుకున్నాం. అది ఎందుకు తీసుకున్నామో చెప్తాను, బ్రెజా వదులుకోవడంతో ఏం పోయిందో కూడా చెప్తాను. ఎందుకంటే అమ్మ, మా ఆవిడ ఇద్దరూ మొదట బ్రెజా వైపే ఉన్నారు, వాళ్ల కారణాలు చిన్నవేమీ కావు.

ముందు ధర సంగతి. రెండు కార్ల పొడవూ 3995 మిల్లీమీటర్లే, నాలుగు మీటర్లకి ఐదు మిల్లీమీటర్లు తక్కువ. పన్ను తగ్గడం కోసమే ఆ కొలత. కానీ పొడవు ఒక్కటే సరిపోదు, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ దాటకూడదు, డీజిల్ అయితే 1500 దాటకూడదు. నెక్సాన్‌లో 1.2 లీటర్ల పెట్రోలు, 1.5 లీటర్ల డీజిల్ ఉంటాయి, రెండూ గీత లోపలే. బ్రెజాలో 1.5 లీటర్ల పెట్రోలు. 2016లో మొదటిసారి వచ్చినప్పుడు బ్రెజాకి 1.3 డీజిల్ ఉండేది కాబట్టి అప్పుడు ఆ ఇబ్బంది లేదు, 2020లో డీజిల్ ఆపేసి 1.5 పెట్రోలు పెట్టారు, అక్కడ గీత దాటింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారాక గీత లోపల ఉన్నవాటికి 18 శాతం, దాటినవాటికి 40 శాతం. బయటికి ఒకే సైజులో కనిపించే రెండు కార్ల మీద పన్నులో ఇంత తేడా ఉందని షోరూముకి వెళ్లేదాకా నాకు తెలియదు. అప్పుడు నెక్సాన్ మొదలు ధర 7.32 లక్షలకి దిగింది, బ్రెజాది 8.26 లక్షలకి, ఎక్స్ షోరూమ్. దీని మీద లైఫ్ ట్యాక్స్ ఒకటి, అదీ కారు ధర పది లక్షలు దాటితే స్లాబు మారుతుంది, కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. అదే డబ్బుకి నెక్సాన్‌లో ఒక మెట్టు పైన ఉన్న మోడల్ వచ్చింది.

అయితే ఆ 1200 సీసీ గీతకి ఇంకో వైపు కూడా ఉంది. నెక్సాన్ పెట్రోలుది మూడు సిలిండర్ల టర్బో ఇంజన్, అంటే గాలిని ఎక్కువగా లోపలికి నెట్టి బలం పెంచేది. బ్రెజాది నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. సిగ్నల్ దగ్గర ఆగి ఏసీ వేసుకుని కూర్చుంటే తేడా తెలుస్తుంది, బ్రెజా అసలు ఆన్‌లో ఉందా అనిపించేంత నిశ్శబ్దం. మూడు సిలిండర్ల ఇంజన్ ఏదైనా కొంచెం అదురుతుంది, అది దాని స్వభావం. మా ఆవిడ రోజూ బ్రాడీపేట ట్రాఫిక్‌లో పిల్లల్ని స్కూల్లో దింపుతుంది, ఆమెకి బ్రెజా నచ్చింది మొదట ఇందుకే. పైగా దాన్లో ఆరు గేర్ల మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, ట్రాఫిక్‌లో పాకేటప్పుడు హాయిగా ఉంటుంది. కంపెనీ చెప్పే మైలేజీ కూడా ఆటోమేటిక్‌లో బ్రెజాకి 19.8, నెక్సాన్‌కి 17 పైచిలుకు.

మరి నెక్సాన్ ఎందుకు? మా దారి వల్ల. ఏటా కార్తీకంలో శ్రీశైలం వెళ్తాం. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, అక్కడి నుంచి దోర్నాల, ఆ తర్వాత నల్లమల ఘాట్. రాత్రి తొమ్మిదికి దోర్నాల గేటు వేసేస్తారు, తెల్లారి ఆరుకి గానీ తీయరు, అందుకని ఎప్పుడూ మధ్యాహ్నం బయల్దేరి సామాన్లతో, ఐదుగురితో, ఏసీ వేసుకుని ఎక్కాల్సిందే. నెక్సాన్ 170 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం, ఇస్తుంది, అదీ ఇంజన్ నిమిషానికి 1750 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేటప్పటి నుంచే. బ్రెజాది 140 లోపే, అది కూడా 4000 దాటాక. మామూలు మాటల్లో చెప్పాలంటే, మలుపులో బస్సు వెనక స్పీడు పడిపోయి మళ్లీ ఎత్తు ఎక్కాల్సి వచ్చినప్పుడు నెక్సాన్ ఉన్న చోటు నుంచే లాగుతుంది, బ్రెజాకి గేరు దించి ఇంజన్‌ని పైకి తిప్పాలి. మొన్న కార్తీకంలో ఐదుగురం వెళ్లొచ్చాం, ఆ ఘాట్‌లో ఒక్కసారి కూడా ఏసీ ఆపాలనిపించలేదు. నెక్సాన్ ఆటోమేటిక్ అడిగేటప్పుడు మాత్రం ఒక్కటి గట్టిగా అడగండి, దాన్లో రెండు రకాలున్నాయి, ఒకటి ఏఎంటీ, అంటే మామూలు గేర్‌బాక్సుకే క్లచ్, గేర్లు తనంతట తనే మార్చే ఏర్పాటు, ఇంకొకటి ఏడు గేర్ల డీసీఏ, రెండు క్లచ్‌లున్న డ్యూయల్ క్లచ్. ధరలో తేడా ఉంది, నడిపితే ఇంకా పెద్ద తేడా ఉంది. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెనక కూర్చుంటే ఏఎంటీలో గేరు మారినప్పుడల్లా వచ్చే చిన్న కుదుపు వాళ్లకే ముందు తెలుస్తుంది. మేం డీసీఏ తీసుకున్నాం.

రెండో కారణం భద్రత, నా వరకు ఇదే పెద్దది. మిర్చి సీజన్‌లో గుంటూరు చుట్టూ హైవే మీద రాత్రిపూట నడిపినవాళ్లకి చెప్పక్కర్లేదు, వెనక లైటు లేని ట్రాక్టరు ఎప్పుడు ఎదురవుతుందో తెలియదు. మన దేశంలో తయారైన కార్లలో కార్లని గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు స్టార్లు మొదట తెచ్చుకుంది నెక్సానే, 2018 డిసెంబరులో. 2024లో అలాంటిదే అయిన మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దవాళ్లకీ పిల్లలకీ రెండింట్లోనూ ఐదు వచ్చాయి. పాత విటారా బ్రెజాకి 2018లో నాలుగు వచ్చాయి, అదీ మంచి రేటింగే, కానీ అది 2022లో మారకముందు కారుది కాబట్టి ఇప్పటి కారుకి దాన్ని అంటగట్టను. రెండింటిలోనూ ఇప్పుడు ఆరు ఎయిర్‌బ్యాగులు కింది మోడల్ నుంచే ఉన్నాయి. వెనక సీట్లో బెల్టు పెట్టుకోకపోతే మాత్రం ఎన్ని స్టార్లున్నా దండగ. మా పిల్లలకి ఇది అలవాటు చేయడానికి రెండు నెలలు పట్టింది, అయినా వదల్లేదు.

ఇక అమ్మ. ఆమెని రెండు షోరూములకీ తీసుకెళ్లాం, ఈ ఒక్క పని ఎవరైనా తప్పక చేయండి. బ్రెజా ఎత్తు 1685 మిల్లీమీటర్లు, నెక్సాన్ 1620. కాగితం మీద రెండున్నర అంగుళాలు, కానీ అమ్మ బ్రెజాలో ఎక్కి కూర్చుని "ఒరేయ్, దీన్లో మంచం మీద కూర్చున్నట్టుందిరా, తల వంచే పని లేదు" అంది. నెక్సాన్ వెనక తలుపు దగ్గర ఒకసారి తల వంచి ఎక్కింది. ఆ మాట మీద నేను రెండు రోజులు ఆలోచించాను.

ఒక షోరూములో టెస్ట్ డ్రైవ్ అంటే తిన్నగా ఉన్న రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పోయి తిరిగొచ్చేయడమే అన్నారు. ఒప్పుకోలేదు, ఐదుగురం కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కిస్తేనే బుక్ చేస్తామన్నాం, ఇచ్చారు. సామాన్లు కూడా పట్టుకెళ్లాం: రెండు సూట్‌కేసులు, పిండివంటల స్టీలు డబ్బా, పాతిక కిలోల బియ్యం బస్తా. నెక్సాన్ డిక్కీ 382 లీటర్లు, అన్నీ పట్టి తలుపు మామూలుగా పడింది. బ్రెజాది 328, డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది.

మా ఆవిడ ఇప్పటికీ అనేది ఏసీ బటన్ల గురించే. బ్రెజాలో తిప్పే, నొక్కే బటన్లున్నాయి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చేతితో తడిమి మార్చుకోవచ్చు. నెక్సాన్‌లో చాలావరకు టచ్ ప్యానెలే. డ్రైవింగ్‌లో ఇది సౌకర్యం సంగతి కాదు, భద్రత సంగతి, ఈ విషయంలో బ్రెజా చేసిందే సరైన పని అని నేనూ అంటాను.

మా బావ నరసరావుపేటలో ఉంటాడు, రోజూ పని మీద వంద కిలోమీటర్లు తిరుగుతాడు, ఆయన బ్రెజా సీఎన్జీ తీసుకున్నాడు. కంపెనీ లెక్కలో కిలో గ్యాసుకి 25.51 కిలోమీటర్లు, చిన్న ఊళ్లో కూడా మారుతి సర్వీసు దొరుకుతుంది, ఆయనకి అదే సరి. డిక్కీలో మాత్రం సిలిండరు కూర్చుంటుంది. సీఎన్జీయే కావాలి, డిక్కీ కూడా కావాలి అంటే నెక్సాన్ సీఎన్జీలో రెండు చిన్న సిలిండర్లు కింద పెట్టి 321 లీటర్లు మిగిల్చారు, అదొకసారి చూడండి. ఏటా ఘాట్ రోడ్డు ఎక్కనివాళ్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లున్నవాళ్లు, ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లు పన్ను తేడా భరించగలిగితే బ్రెజా ఆటోమేటిక్ తీసుకోవచ్చు, అది మంచి కారు.

అమ్మ ఇప్పుడు ముందు సీట్లో కూర్చుంటోంది. ముందు తలుపు దగ్గర వంగక్కర్లేదట. శ్రీశైలం నుంచి వచ్చేటప్పుడు దోర్నాల దాకా నిద్రపోయింది, బెల్టు పెట్టుకునే.