కబూమ్: థ్రిల్లర్‌లా చూడాలా, తమాషాలా చూడాలా?

గ్రెగ్ అరాకీ తీసిన అమెరికన్ సినిమా ‘కబూమ్’ చూసినవాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు.

ఒక జట్టు చిక్కుముడి విప్పడానికి కూర్చుంటుంది. కాలేజీలో సినిమా చదువుతున్న స్మిత్‌కి వింత కలలు, ఎర్రజుట్టు అమ్మాయి, జంతువుల మాస్కులు పెట్టుకున్న మనుషులు, వెనకాల ఏదో రహస్య ముఠా... ఇవన్నీ లెక్క తేలాలి కదా! తేలతాయి. కాకపోతే చివర్లో అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసి, భూమినే పేల్చేస్తారు. ‘ఇంతసేపు బుర్ర పెట్టింది ఇందుకా?’ అని వీళ్లకి ఒళ్లు మండుతుంది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు.

రెండో జట్టు లెక్కలు పెట్టుకోదు. మిఠాయి రంగులు, స్నేహితురాలు స్టెల్లా వెటకారం, వద్దన్నా ఆమెను వదలని మంత్రగత్తె ప్రేయసి లొరెలై: వీళ్లకి ఇవి చాలు. అన్నిటికన్నా ముఖ్యం, స్మిత్ అబ్బాయిలనీ ఇష్టపడతాడు, అమ్మాయిలనీ ఇష్టపడతాడు. అలాగని ఏడుపులూ, సంజాయిషీలూ ఉండవు. అతని అసలు టెన్షన్ ప్రాణాలు దక్కుతాయా లేదా అనే! క్వీర్ పాత్ర (స్వలింగ, ద్విలింగ ఆకర్షణ లాంటివి ఉన్న పాత్ర) అంటే కన్నీళ్లే అన్న అలవాటు మీద ఇది మంచి దెబ్బ. 2010లో కాన్స్ చిత్రోత్సవంలో, క్వీర్ కథల సినిమాలకిచ్చే క్వీర్ పామ్ అవార్డు మొట్టమొదట దక్కింది కూడా ఈ సినిమాకే.

నేను మొదటిసారి మొదటి జట్టు, రెండోసారి రెండో జట్టు. రెండోసారే బాగా నవ్వుకున్నాను. ఎలాగూ గంటన్నర కూడా లేదు. గుండె బరువెక్కే కథే కావాలంటే మాత్రం ఇదే దర్శకుడి 2004 నాటి ‘మిస్టీరియస్ స్కిన్’ చూడండి, అది పూర్తిగా వేరే మూడ్.