ఫ్రాంక్లిన్ గురించి చదవాలంటే ఏ పుస్తకంతో మొదలెట్టాలి?

వంద డాలర్ల నోటు మీద బొమ్మ, ఉరుముల్లో గాలిపటం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ గురించి మొన్నటిదాకా నాకు తెలిసింది ఈ రెండే. నోటు మీద ఉన్నాడు కదా, అమెరికా అధ్యక్షుడే అయ్యుంటాడు అనుకునేదాన్ని. కాదు, ప్రింటరు, శాస్త్రవేత్త, అమెరికా స్వాతంత్ర్యం కోసం పనిచేసిన పెద్దల్లో ఒకడు. ఏడాదిగా ఆయన మీద నాలుగు పుస్తకాలు చదివాను, ఒకటి మొదలెట్టి వదిలేశాను కూడా, అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఆయన ఆత్మకథే చదవండి. 1771లో, 65 ఏళ్ళప్పుడు, ఇంగ్లండులో ఒక మిత్రుడింట్లో కూర్చుని కొడుక్కి ఉత్తరంలా మొదలెట్టాడు. బోస్టన్‌లో సబ్బులూ కొవ్వొత్తులూ చేసే ఇంట పుట్టి, అన్న ప్రెస్సులో పని నేర్చుకుంటూ దెబ్బలు తిని, 17 ఏళ్ళకు పారిపోయి ఫిలడెల్ఫియా చేరతాడు. ఆకలేసి మూడు పెన్నీలకు రొట్టెలడిగితే ఇంతింత లావువి మూడు చేతిలో పెడతారు, జేబుల్లో చోటు లేదు, చంకకొకటి ఇరికించుకుని మూడోది నములుతూ వీధిలో పోతుంటే గుమ్మంలోంచి ఒకమ్మాయి చూస్తుంది. తర్వాత ఆయన భార్య అయింది ఆ అమ్మాయే. ఈ ఒక్క పేజీ కోసమైనా చదవచ్చు.

ప్రింటరు కదా, జీవితంలో చేసిన పొరపాట్లను కూడా అచ్చుతప్పుల భాషలోనే చెప్తాడు. మన పాత పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉండేది చూడండి, అలాగన్నమాట. మంచి గుణాలు 12 రాసుకుని, వారానికొకటి సాధన చేద్దామనుకుంటే, నీకు గర్వం ఎక్కువయ్యా అని ఓ మిత్రుడు చెప్పాడట, దాంతో 13వదిగా వినయం చేరింది. వస్తువులూ కాగితాలూ ఎక్కడివక్కడ సర్దుకోవడం మాత్రం తన వల్ల కాలేదని ఒప్పుకుంటాడు. నా టేబుల్ చూసి నాకూ ధైర్యమొచ్చింది. పొయ్యి కనిపెట్టి, పేటెంటు ఇస్తామన్నా వద్దన్నాడు, లండన్‌లో ఒకాయన దాన్నే కొంచెం మార్చి పేటెంటు తీసుకుని డబ్బు చేసుకున్నాడు. అదీ ఇందులోనే ఉంది.

చిక్కేంటంటే, 1757లో లండన్ చేరిన కాసేపటికే కథ ఆగిపోతుంది. సరిగ్గా ఇంటర్వెల్‌కి కరెంటు పోయినట్టు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, ఫ్రాన్సు రాయబారం, రాజ్యాంగం ఏవీ ఉండవు. ఇంకోటి, చవక ఎడిషన్లు కొనేముందు చూసుకోండి. నేను కొన్నదాంట్లో ఆ 13 గుణాల పట్టిక గళ్ళన్నీ చెదిరిపోయి ఏది ఏ వారమో తెలియలేదు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, అది చాలు.

మిగతా సగానికి నా ఓటు ఎడ్మండ్ మోర్గాన్ రాసిన పుస్తకానికి (2002). చిన్నది, ఫ్రాంక్లిన్ సొంత రాతల్నే దగ్గర పెట్టుకుని రాసింది, మనిషి ఎలా ఆలోచించేవాడో పట్టిస్తుంది. అందరూ చెప్పేది వాల్టర్ ఐజాక్సన్ పుస్తకం (2003), స్టీవ్ జాబ్స్ జీవితచరిత్ర రాసినాయనే. చాలా లావు, హాయిగానే సాగుతుంది, పిడుగుల నుంచి ఇంటిని కాపాడే ఇనప కడ్డీ దగ్గర్నుంచి అన్నీ వరసగా కావాలంటే అదే కొనండి. నాకైతే ఫ్రాంక్లిన్‌ని మరీ మన ఆఫీసు మేనేజర్లకు ఆదర్శంలా చూపించినట్టనిపించింది. బానిసల్ని పెట్టుకున్నవాడే, తన పత్రికలో వాళ్ళ అమ్మకాల ప్రకటనలు వేసినవాడే, 1790లో చనిపోయే ముందు బానిసత్వం రద్దు చేయమని అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు అర్జీ పెట్టాడు. ఆ మార్పు ఎలా వచ్చిందో ఇంకాస్త లోతుగా చెప్తే బాగుండేది.

స్టేసీ షిఫ్ పుస్తకం (2005) పూర్తిగా ఫ్రాన్సు రోజుల మీద. 70 ఏళ్ళ వయసులో వెళ్ళి అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బూ ఆయుధాలూ సంపాదించిన కథ. పేర్లు మరీ ఎక్కువై నేను సగంలో ఆపేశా. 2024లో దీని మీద సిరీస్ కూడా వచ్చింది.

చివరికి బాగా నచ్చింది మాత్రం జిల్ లెపోర్ రాసింది (2013), ఆయన చెల్లెలు జేన్ గురించి. అన్నాచెల్లెళ్ళు జీవితాంతం ఉత్తరాలు రాసుకున్నారు, అయినా ఆత్మకథలో ఆమె పేరే లేదు. 15 ఏళ్ళకు పెళ్ళి, 12 మంది పిల్లలు, వాళ్ళలో 11 మంది ఆమె కళ్ళముందే పోయారు. ఆ పుట్టుకలూ చావులూ ఆమె చేత్తో కుట్టుకున్న చిన్న పుస్తకంలో రాసుకుంది. అమ్మకు ఈ కథ చెప్తే, "మరి ఆ అన్న ఏం పెట్టాడే?" అనడిగింది. బోస్టన్‌లో ఇల్లిచ్చాడు, వీలునామాలో కూడా రాశాడు అన్నాను. "ఆ మాత్రం చేశాడు" అంది.