ఎర్లాంగ్‌తో కొన్నేళ్లు: గుంటూరు కోల్డ్ స్టోరేజీల అనుభవం

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు (బస్తాలు) రంగు చెడకుండా నిలవాలంటే గదుల చల్లదనాన్ని రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండాలి. ఆ పని చేసే మా సాఫ్ట్‌వేర్‌ను 2017లో జావా నుంచి ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషకు మార్చాం. అప్పటి నుంచి దాని బాగోగులు నావే.

జావాలో మేం రాసుకున్న పద్ధతిలో అనేక థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే పనులు) ఒకే పట్టికను పంచుకునేవి. ఒక లాక్ (ఒకరు వాడుతుండగా మిగతావారిని ఆపే తాళం) పట్టుకున్న థ్రెడ్ రెండో లాక్ కోసం, రెండోది పట్టుకున్నది మొదటి దాని కోసం కాచుకుని నిలిచిపోతే కారణం వెతకడానికి వారం పట్టిన సందర్భాలున్నాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం 1986లో ఎరిక్సన్ సంస్థలో మొదలైన ఎర్లాంగ్‌లో ఆ ఉమ్మడి కాపురం లేదు, ఎవరి పొయ్యి వారిదే. సెన్సారుకొక ప్రాసెస్ (తన మెమరీ తనకే ఉండి విడిగా నడిచే చిన్న పని) పెట్టుకున్నాం. వాటి మధ్య సందేశాలే నడుస్తాయి. తప్పుడు రీడింగుతో ఒకటి కూలితే, సూపర్‌వైజర్ అనే కాపలా ప్రాసెస్ దాన్ని మాత్రమే తిరిగి లేపుతుంది.

అయితే ఈ ధీమాకు హద్దు ఉందని ఒక మార్చి రాత్రి తెలిసింది. కరెంటు పోయి వచ్చిన వెంటనే సెన్సార్లన్నీ దాచుకున్న రీడింగులను ఒక్కుమ్మడిగా పంపాయి. డేటాబేసులో రాసే ప్రాసెస్ ఒక్కటే కావడం, ఎర్లాంగ్ ప్రాసెస్‌కు వచ్చే సందేశాలు నిలిచే మెయిల్‌బాక్సుకు పరిమితి లేకపోవడం వల్ల సందేశాలు గుట్టపడి, మెమరీ అయిపోయి, నోడ్ (ఈ ప్రాసెస్‌లన్నీ నడిచే ఎర్లాంగ్ వ్యవస్థ) మొత్తం పడిపోయింది; సూపర్‌వైజర్లు కూడా ఆ నోడ్‌లోనే ఉంటాయి కదా. తప్పు భాషది కాదు, నాది. ఇప్పుడు పంపిన ప్రాసెస్ జవాబు వచ్చేదాకా ఆగేలా మార్చాం, మెయిల్‌బాక్సు పొడవును నిమిషానికొకసారి కొలుస్తున్నాం.

గో భాషనూ కొన్నాళ్లు పరీక్షించాం. అందులో సందేశాలు వెళ్లే ఛానెల్ నిండితే పంపేవాడు తనంతట తానే ఆగుతాడు, మాకు కావలసింది అదే. కానీ ఒక గోరుటీన్‌లో (గోలో విడిగా నడిచే చిన్న పనిలో) పానిక్, అంటే పని ఆగిపోయే లోపం, వచ్చి, దాన్ని అక్కడే పట్టుకోకపోతే ప్రోగ్రాం మొత్తం ముగిసిపోతుంది. అందుకే వెనక్కి వచ్చేశాం. పెద్ద పట్టికల మీద లెక్కలకు మాత్రం ఎర్లాంగ్ నిదానమే. ఆ పనిని సి భాషకు, లెక్కను అనేక కోర్లకు పంచే ఓపెన్‌ఎంపీకి వదిలేశాం.

వేసవిలో మిర్చి యార్డుకు సెలవులిచ్చినా స్టోరేజీలు ఆగవు గనుక, నడుస్తున్న నోడ్‌లోనే కొత్త కోడ్ ఎక్కించగలగడం మాకు గొప్ప వెసులుబాటు. ఒక మాడ్యూలుకు (కోడ్ భాగానికి) ఒకేసారి పాతది, కొత్తది అని రెండు రూపాలే ఉండగలవు. షెల్ (ఆదేశాలు టైపు చేసే తెర) నుంచి మూడోది ఎక్కిస్తే, మొదటి రూపంలోనే మిగిలిపోయిన ప్రాసెస్‌లు ప్రాణం కోల్పోతాయి. ఆ సంగతి గుర్తులేక నేను రెండుసార్లు అర్ధరాత్రి స్టోరేజీ మేనేజర్లతో చీవాట్లు తిన్నాను.