పదే పదే మోగే అలారం: విరామమా, ఆలస్యమా, డెడ్‌బ్యాండా, ఏది మేలు?

టీకాలు నిల్వ చేసే ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. రీడింగు 7.9కీ 8.1కీ మధ్య ఊగుతుంటే, హద్దు దాటిన ప్రతిసారీ ఒక హెచ్చరిక, దిగిన ప్రతిసారీ మరో సందేశం వస్తాయి; రాత్రంతా వాటితో వేగిన మనిషి మర్నాటికి ఫోను చూడటమే మానేస్తాడు.

చాలామంది మొదట చేసేది, ఒక సందేశం పంపాక అరగంటపాటు విరామం పెట్టడం. అమర్చడం సులువే గాని, మూడింటిలో నాకు తక్కువ నమ్మకం దీనిమీదే. అలారం లోపల కొట్టుకుంటూనే ఉంటుంది, మనకు వినపడదంతే. ఆ అరగంటలో కంప్రెసర్ ఆగిపోయి 8.1 కాస్తా 12 అయినా కబురు అందదు. తప్పనిసరై వాడితే, విరామం సందేశాలకే వర్తించాలి; నమోదుకు గాని, పై స్థాయి హెచ్చరికకు గాని వర్తించకూడదు.

రెండోది ఆలస్యం: రీడింగు వరుసగా 10 నిమిషాలు హద్దు పైన ఉంటేనే మోగించడం. తలుపు తీసినప్పుడు చొరబడే వెచ్చటి గాలికి ఇది తగిన మందు. (సెన్సర్ కొనను గ్లైకాల్ సీసాలో ఉంచితే, అది గాలిని కాక ద్రవాన్ని కొలుస్తుంది గనుక, ఈ బెడద చాలావరకు అక్కడే తీరుతుంది.) కానీ తొమ్మిది నిమిషాలు 8.1లో ఉండి ఒక్క క్షణం 7.9కి దిగితే టైమర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అలా తెల్లవార్లూ హద్దు మీదే నడిచినా అలారం మోగకపోవచ్చు. పైగా వేచి ఉన్న ప్రతి నిమిషమూ, సరిదిద్దడానికి మనకున్న వ్యవధిలోంచి తరిగిపోయేదే.

డెడ్‌బ్యాండ్, అంటే హిస్టెరిసిస్, పని చేసే తీరు వేరు: 8 దాటగానే మోగుతుంది, 7.5 కిందికి దిగితేనే ఆగుతుంది. మోగడంలో ఆలస్యం ఉండదు, ఊగిసలాట వల్ల రెండో సందేశమూ పుట్టదు. ఈ ఎడం సెన్సర్ సహజంగా ఊగే మేరకు కాస్త మించితే చాలు. పారిశ్రామిక అలారాలలో తొలి అంచనాగా ఉష్ణోగ్రతకు పనిచేసే పరిధిలో 1 శాతం, ద్రవమట్టానికి 5 శాతం తీసుకోవడం వాడుక. మరీ వెడల్పు చేసి 7కి దిగితేగాని ఆగదని పెడితే, ఎప్పుడూ 7.2 దగ్గర నడిచే ఫ్రిజ్‌లో అలారం రోజుల తరబడి వెలుగుతూనే ఉంటుంది.

అందుచేత నేను ముందు డెడ్‌బ్యాండ్ పెట్టి, దానిమీద ఆలస్యాన్ని చేరుస్తాను; టైమర్‌ను 8 దగ్గర కాక 7.5 దగ్గర సున్నా చేయిస్తే పై చిక్కు కూడా పోతుంది. 2 డిగ్రీల వైపు మాత్రం డెడ్‌బ్యాండ్‌తోనే ఆగుతాను, ఎందుకంటే కొన్ని టీకాలు ఒక్కసారి గడ్డకడితే మళ్లీ పనికిరావు.