పేగు ఆపరేషన్ అయిన పసిబిడ్డకు ప్రోబయోటిక్: పొడా, చుక్కలా, తల్లిపాలు చాలా?

బిడ్డకు మళ్లీ పాలు మొదలుపెట్టామో లేదో, "సిస్టర్, ఏ ప్రోబయోటిక్ మంచిది?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ప్రోబయోటిక్ అంటే పేగుకు మేలు చేస్తాయని ఇచ్చే బతికున్న సూక్ష్మజీవులు. నేను ముందు చూసేది మందు పేరు కాదు, బిడ్డకు సెంట్రల్ లైన్, అంటే మందులు, ద్రవాలు రక్తంలోకి ఎక్కించే సన్నని గొట్టం, ఇంకా ఉందా అని.

ఆ లైన్ కొస గుండెకు దగ్గర్లో పెద్ద రక్తనాళంలో ఉంటుంది. సాచెట్ చించగానే సన్నని పొడి గాల్లోకి లేస్తుంది, చేతులకు అంటుతుంది. అదే చేత్తో లైన్ ముట్టుకుంటే సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకే. ఈస్ట్ రకం, అంటే శాకరోమైసిస్ బౌలార్డీతో ఇలా జరిగింది. పక్క మంచంలోని రోగికి ఇచ్చిన పొడి వేరేవాళ్లకు సోకిన సందర్భాలూ ఉన్నాయి. సెంట్రల్ లైన్ ఉన్నవాళ్లకు ఇది ఇవ్వకూడదని యూరప్‌లో మందు వివరాల్లోనే రాశారు. నా వరకు ఇది లెక్కలోనే లేదు.

ఇక లాక్టోబాసిల్లస్, బిఫిడోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా ఉన్న చుక్కలు. నెలలు నిండని పిల్లల్లో పేగు కుళ్లే జబ్బును ఇవి తగ్గిస్తాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. 2017లో ప్రచురించిన ఒడిశా అధ్యయనంలో 4,500 మందికి పైగా శిశువులున్నారు, సెప్సిస్ (ఒళ్లంతా పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్), మరణాలు కలిపి చూస్తే బాగా తగ్గాయి. కానీ వాళ్లు ఆరోగ్యంగా పుట్టినవాళ్లు. కోసి కుట్టిన పేగు సంగతి వేరు, దాని గోడ దాటి బ్యాక్టీరియా రక్తంలోకి పోవచ్చు. నెలలు నిండని ఒక శిశువు, ఇచ్చిన ప్రోబయోటిక్‌లోని బ్యాక్టీరియాతోనే సెప్సిస్ వచ్చి చనిపోయాక, 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. పేగు బాగా పొట్టిగా మిగిలిన పిల్లల్లో కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే డి-లాక్టిక్ ఆమ్లం రక్తంలో పేరుకునే భయమూ ఉంది.

ప్రీబయోటిక్, అంటే మంచి బ్యాక్టీరియాకు మేత, కలిపిన ఫార్ములా (డబ్బా పాలు)? తల్లిపాలు దొరకనప్పుడు చూద్దాం.

నా మొగ్గు తల్లిపాలకే. నోటితో ఏమీ ఇవ్వని రోజుల్లోనూ, డాక్టర్ సరే అంటే, రెండు బుగ్గల లోపల చెరో 0.1 మిల్లీలీటరు ముర్రుపాలు పూస్తాం. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డ కూడా నాలుక కదిపి చప్పరిస్తుంది. అది చూశాక ఏ తల్లీ పాలు పిండటం ఆపదు. ఆ పాలలోనే మంచి బ్యాక్టీరియా, వాటికి మేతగా ప్రత్యేకమైన చక్కెరలూ ఉంటాయి.

లైన్ తీసేసి, పాలు పూర్తిగా అరుగుతూ, సర్జన్, పిల్లల డాక్టర్ ఇద్దరూ ఒప్పుకుంటే చుక్కలకు నాకు అభ్యంతరం లేదు. అప్పుడు కూడా సీసా మీద స్ట్రెయిన్ (బ్యాక్టీరియాలోని కచ్చితమైన రకం) పేరు స్పష్టంగా ఉండాలి. మీరు కొని తెచ్చిన సాచెట్‌ను మాత్రం దయచేసి మంచం దగ్గర చించకండి.