గ్యాస్ పొయ్యా, ఇండక్షన్ పొయ్యా?

హైదరాబాదులో కొత్తగా కాపురం పెట్టేవారికి ఈ సందేహం తప్పదు.

ఖర్చు: 14.2 కిలోల సిలిండర్ చేసే వంటకు ఇండక్షన్ దాదాపు 140 యూనిట్లు తీసుకుంటుంది కనుక, కరెంటు బిల్లు యూనిట్ రేటు పెరిగే పై శ్లాబులోకి ఎక్కే ఇంట్లో గ్యాసే మేలు.

పాత్రలు: మా ఇంట్లో అల్యూమినియం గిన్నెలో పప్పు పెట్టగానే ఇండక్షన్ పొయ్యి కూతపెట్టి ఆగిపోయింది, అడుగుకు అయస్కాంతం అంటుకునే గిన్నెలే దానికి పనికొస్తాయి.

ప్రమాదం: వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కాబట్టి లీకైతే నేలబారున పేరుకుంటుంది, వాసన తగిలితే స్విచ్చులు ముట్టకుండా, రెగ్యులేటర్ ఆపేసి, తలుపులూ కిటికీలూ తెరవాలి. ఇండక్షన్‌లో ఈ భయం లేదు.

కరెంటు పోతే: 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) ఇన్వర్టర్ బ్యాటరీలో నిండా ఉన్నా 1.8 యూనిట్లే, అది ఫ్యాన్లకు చాలుతుంది, 2000 వాట్ల పొయ్యికి చాలదు.

పిల్లలూ పెద్దలూ ఉండి మూడు పూటలా వండుకునే ఇంటికి గ్యాసూ, ఫ్యాన్లకు ఇన్వర్టరూ. ఒక్కరే ఉండే అద్దె గదికి ఇండక్షన్.