కంటికీ కెమెరాకూ మధ్య తేడా చూపిన 35 మి.మీ. లెన్స్

జూమ్ లేని ఒకే ఒక లెన్స్‌ను కెమెరాకు తగిలించుకుని ఏళ్ల తరబడి చెన్నైలో ఫొటోలు తీస్తున్నాను. ఇది ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సార్ ఉన్న కెమెరాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది). ఫుల్ ఫ్రేమ్, అంటే పాత ఫిల్మ్ చట్రమంత పెద్ద సెన్సార్ లెక్కలో, ఇది చూపే మేర దాదాపు 52 మిల్లీమీటర్ల లెన్స్‌కు సమానం. బరువు 200 గ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. మనిషి చూపుకు దగ్గరగా ఉండే లెన్స్ అని దీన్ని చెబుతుంటారు. ఆ మాట సగమే నిజమని, ఆ తేడాను చూపించడమే ఈ లెన్స్ నాకు చేసిన పెద్ద మేలని ఇప్పుడు నా అభిప్రాయం.

మన కంటిలో అత్యంత స్పష్టంగా చూడగలిగే ఫోవియా సుమారు రెండు డిగ్రీల మేరనే చూస్తుంది. కన్ను క్షణక్షణం కదులుతూ ఏరి తెచ్చినవాటిని మెదడు కలిపి పూర్తి దృశ్యంగా మనకు అందిస్తుంది. కెమెరాకు ఈ ఏరుకోవడం లేదు. మైలాపూరులో కపాలీశ్వరస్వామి కోవెల గోపురాన్ని కింద నిలబడి తలెత్తి చూస్తే నిటారుగానే అనిపిస్తుంది; అక్కడే కెమెరాను పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి వాలినట్టు వస్తుంది, మనం గమనించని కరెంటు తీగలూ వచ్చి చేరతాయి. మాడవీధిలో పసుపుపచ్చని బల్బు కింద అమ్మే మల్లెలు మన కంటికి తెల్లగానే కనబడతాయి, కానీ కెమెరాలో తెలుపును సరిచూసే వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుగుకు ఉంచి తీస్తే పసుపు రంగులో వస్తాయి. ఏది నిజమైన రంగు అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. నాకు అది ఇప్పటికీ తీరని ఆసక్తి.

జూమ్ ఉంటే నిలబడ్డ చోటినుంచే వస్తువును దగ్గరకు లాగుతాం, కానీ ముందున్నవాటికీ వెనకున్నవాటికీ మధ్య పొందిక మారేది మనం నడిచినప్పుడే. కాసిమేడు రేవులో వల బాగుచేసుకునే మనిషి ముఖం చట్రం నిండా రావాలంటే ఆయన పక్కకు వెళ్లి, పలకరించి, అనుమతి అడగక తప్పదు. దూరంనుంచి దొంగచాటుగా తీసే వీలును ఈ లెన్స్ ఇవ్వదు, అందుకు నేను సంతోషిస్తున్నాను.

దీని విలువ నాకు బాగా తెలిసింది ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాల దగ్గర. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు చేర్చిన ఆ ఫలకాలను ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ 1858లోనే ఫొటోలు తీశాడు. వాటిలో చాలావరకు ఆ తరువాత లండన్‌కు తరలిపోయాయి. మిగిలినవాటి ముందు తెలుగువాళ్లం కాస్త ఎక్కువసేపే నిలబడతాం. పలచగా చెక్కిన పల్నాటి సున్నపురాయికి పక్కనుంచి పడే వెలుగే ప్రాణం, ఎదుటినుంచి ఫ్లాష్ వేస్తే ముడతలూ నీడలూ మాయమవుతాయి. తక్కువ వెలుగులో ఫ్లాష్ లేకుండానే పని జరిపించే ఎఫ్/1.8 అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) అక్కడ ఎంతో ఆదుకుంటుంది.

లోపాలూ ఉన్నాయి. అపెర్చర్‌ను పూర్తిగా తెరిచినప్పుడు మెరీనాలో మెరిసే అలల అంచులకు ఊదారంగు గీత వస్తుంది, ఎఫ్/4 దగ్గర చాలావరకు తగ్గుతుంది. ఇరుకు వీధిలో గోపురం మొత్తం పట్టదు. సముద్రపు తేమకు అద్దాల్లో బూజు పట్టకుండా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో భద్రపరచాలి.

కొనాలనుకునేవారు ముందుగా తమ దగ్గరున్న జూమ్‌ను 35 దగ్గరే ఉంచి, కదలకుండా టేపు చుట్టి, ఒక నెలపాటు వాడి చూడండి. ఆ నెలలో మీ కాళ్లు ముందుకు వెనక్కి నడవడానికి అలవాటు పడితే నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. ప్రతిసారీ టేపు విప్పాలనిపిస్తే జూమ్‌తోనే కొనసాగండి.